ఉప్పు మళ్ల బస్సు ఖాళీగా ఎందుకు తిరిగింది

నౌపడ దాటి సముద్రం వైపు వెళితే ఉప్పు మళ్ల పక్కన వరసగా ఊళ్లున్నాయి. ఆ ఊళ్లకు ఇవాళ మూడు రూట్లలో బస్సులు తిరుగుతున్నాయి. వాటిని ప్రారంభించిన రోజున తీసిన ఫొటో మా డిపో గోడకు ఇంకా వేలాడుతోంది. అందులో జెండా ఊపుతున్నవాళ్లున్నారు, దండలు పట్టుకున్నవాళ్లున్నారు, ఎందుకొచ్చారో వాళ్లకే తెలియనివాళ్లూ ఉన్నారు. ఆ రూట్లు గీసినవాణ్ణి నేను. ఫొటోలో నాది ఎడమ భుజం మాత్రమే ఉంది. అది నా భుజమేనా అని ఎవరైనా సందేహపడితే చూపించడానికి ఆ రోజు వేసుకున్న గళ్ల చొక్కాను ఇప్పటికీ బీరువాలో దాచాను.

ఇది కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు చదువుతారని చెప్పారు. కాబట్టి బాబూ, అమ్మా, ముందే చెబుతున్నాను. నేను సర్దుకుపోయే మనిషిని కాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను పెట్టిన అర్జీలు రెండు లావుపాటి ఫైళ్లయ్యాయి. చెయ్యి విరిగిన కుర్చీ నాకే ఎందుకు వేశారని ఒకటి. సీనియారిటీ జాబితాలో నా పేరు తప్పు రాసి, సరిదిద్దమంటే ఇంకో రకంగా తప్పు రాశారని ఒకటి. ఏడేళ్లుగా రావలసిన ప్రమోషను గురించి ఏడు. వీటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అయితే ఈసారి నేను రాస్తున్నది నా మీద వచ్చిన ఫిర్యాదు గురించి.

రిటైరవడానికి మూడేళ్ల ముందు మాట. డిపోలో నేను ట్రాఫిక్ సూపర్‌వైజరును. ఏ బస్సు ఏ దారిన ఎన్నింటికి వెళ్లాలో రాసే పని నాది. ఉప్పు మళ్ల వైపు పూర్వం ఒక బస్సు ఉండేది. రోడ్డు పాడైందని ఆపేశారు. రోడ్డు వేశాక బస్సు సంగతి అందరూ మరచిపోయారు. ఆ ఊళ్లవాళ్లు షేరు ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పట్నం వెళ్లేవారు, ఆటో దొరకకపోతే నౌపడ దాకా నడిచేవారు.

అటువైపు మూడు రూట్లు కావాలని నేను ప్రతిపాదన రాశాను. నాలుగుసార్లు తిరిగి వచ్చింది. నాలుగుసార్లూ ఒకటే ప్రశ్న: నష్టం వస్తే ఎవరు భరిస్తారు? ఐదోసారి జిల్లాలో ఒక కమిటీ కొంచెం మెత్తబడింది. కొత్త రూట్లలో వచ్చే నష్టాన్ని ఏడాది పాటు జిల్లా నిధి నుంచి ఇస్తామన్నారు. కానీ ముందు ఒక నెల ఒక్క బస్సును ఒక్క రూట్లో నడిపి చూపించాలి. నెల మొత్తం మీద సగటున సగం సీట్లు నిండితే మూడు రూట్లూ వస్తాయి. నిండకపోతే ఒక్కటీ రాదు, ఆ తిరుగుతున్న బస్సు కూడా వెనక్కి పోతుంది.

సగం సీట్లేనా అని నేను నవ్వాను. 

ప్రయోగం మొదలయ్యే ముందు రోజు డిపోలో సమీక్ష జరిగింది. మా మేనేజరు నాకన్నా పద్దెనిమిదేళ్లు చిన్నవాడు, గోదావరి అవతలి నుంచి వచ్చినవాడు. ఆ వారం వేరే రూట్లో ఒక బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఆయన ఆ కాగితం పైకెత్తి, “మీ టైంటేబుల్ కాగితం మీద చాలా బాగా నడుస్తుందండీ. రోడ్డు మీదే కాస్త ఇబ్బంది” అన్నాడు. పదకొండు మంది నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పుడడిగినా చెప్పగలను.

ఆ సాయంత్రమే కొత్త బస్సుకు ఒక ఆదేశం రాశాను. స్టాపులో ప్రయాణికులు నిలబడి ఉంటేనే బస్సు ఆపాలి. ఎవరూ లేని చోట ఆపి సమయం వృథా చేయకూడదు. కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను. నాది కొత్తవలస. రైలు జంక్షన్ ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాడికే రైలు, టీ కొట్టులో కూర్చున్నవాడి కోసం కిరండూల్ బండి ఆగదు. బస్సయినా అంతే అనుకున్నాను. మేనేజరు ఆ కాగితం మీద సంతకం పెట్టాడు.

డ్రైవరును కూడా ఏరి కోరి వేయించుకున్నాను. విజయనగరం వైపు మనిషి. కాగితంలో ఏది రాస్తే అది చేస్తాడు, రాయనిది చేయడు. కండక్టరు మాత్రం కళింగపట్నం వైపు అమ్మాయి. అత్తవారిది ఉప్పు మళ్ల పక్క ఊరే. రెండో రోజు డ్యూటీ దిగి నా బల్ల దగ్గరికొచ్చింది.

“సార్, ఆ స్టాపుల్లో సంగతొకటి...”

“నీ పని టిక్కెట్లు కొట్టడమమ్మా. స్టాపుల సంగతి నేను చూసుకుంటాను.”

“సరే సార్” అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

బస్సు సరిగ్గా సమయానికి వెళ్లింది, సమయానికి వచ్చింది. ఒక్క నిమిషం తేడా లేదు. లోపల ఐదుగురు, ఏడుగురు, ఒక రోజు నలుగురు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు బస్సు లేదని గోల పెట్టి, తీరా వేస్తే ఎక్కరా? ఆ ఊళ్ల పెద్దలకు ఉత్తరాలు రాశాను. మీ కోసం ఒక ఉద్యోగి ఎంత కష్టపడ్డాడో తెలుసా అనే ధోరణిలో ఉన్నాయవి. జవాబు రాలేదు. అది కూడా మనసులో రాసిపెట్టుకున్నాను.

పన్నెండో రోజున ఒక అర్జీ వచ్చింది. పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. మీ బస్సు మమ్మల్ని చూసి కూడా ఆగడం లేదు, మేము మనుషులం కామా అని ఉంది. కింద పదిహేను వేలిముద్రలు, కొన్ని సంతకాలు. అర్జీలు పెట్టడమే తప్ప అందుకోవడం నాకు అలవాటు లేదు. నేను రాసిన అర్జీలకు పై ఆఫీసు ఎలా జవాబిచ్చేదో సరిగ్గా అలాగే జవాబిచ్చాను. స్టాపులో నిలబడిన ప్రయాణికులను ఎక్కించుకుంటున్నామనీ, ప్రయాణికులు సహకరించాలనీ నాలుగు ముక్కలు రాసి పంపాను.

జవాబు పంపిన మూడో రోజు పొద్దున ఒకావిడ నా ఉత్తరం చేత్తో పట్టుకుని డిపోకు వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయేమో. పాదాలు ఉప్పు నీటికి పగిలి తెల్లగా ఉన్నాయి. వెనకాల ఆమె భర్త. మొహం ఉబ్బి ఉంది, ఎడమ చేతికి మోచేతి దగ్గర కట్టు. ఆ చేతిని చూడగానే తెలిసింది. మా ప్రాంతంలో ఆ కట్టు తెలియనివాళ్లు లేరు. కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చేయించుకునేవాళ్లు.

“ఈ ఉత్తరం రాసింది నువ్వేనా బాబూ?”

“నేనే.”

“అయితే నీతోనే పని” అని, భర్తను నా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, ఉత్తరం బల్ల మీద పెట్టింది. “స్టాపులో నిలబడమని రాసినావు. నిలబడితే ఈ మడిసి పడిపోతాడు. ఆ స్టాపు గుంజ ఎక్కడ పాతినారో ఎప్పుడైనా సూసినావా?”

“నేనే దగ్గరుండి పాతించాను.”

“నువ్వేనా! నీడ నేని సోటు ఎక్కడున్నాదా అని ఎతికి మరీ పాతినావు.”

“ఊరుకోవే. పెద్దోరు” అన్నాడు భర్త.

“పెద్దోరే. నాను సిన్నోరన్నానా?”

నేను గొంతు సవరించుకున్నాను. “చూడమ్మా, మీరు స్టాపులో లేకపోతే ఎక్కేవాళ్లున్నారని డ్రైవరుకు ఎలా తెలుస్తుంది?”

ఆమె నన్ను జాలిగా చూసింది. “గంపలుంటాయి కదా.”

“గంపలేమిటి?”

“గంపలు. సంచులు. గొడుగులు. ఒకడు సెప్పులెడతాడు, ఒకడు తువ్వాలేసి రాయెడతాడు. వరసగా గుంజ కాడ ఎట్టేసి పాకలో కూకుంటాం. గంపుంటే మడిసున్నట్టే. పాత బస్సాయన మలుపు కాడ హారను కొట్టీవోడు. మేం లేసి వచ్చీవోళ్లం. ఎవరి గంప కాడ ఆళ్లు నిలబడి ఎక్కీవోళ్లం. గొడవే నేదు. మీవోడు గంపల్ని సూస్తన్నాడు, ఎలిపోతన్నాడు.”

“మరి బస్సు ఆగడం లేదని తెలిశాక నిలబడవచ్చు కదా?”

“నిలబడినోళ్లు నిలబడినారు. నలుగురైదుగురు ఎక్కినారు కదా, ఆళ్లే. ఆ ఎండలో ముసలోళ్లు, పిల్లతల్లులు, ఈయన లాంటోళ్లు ఎంతసేపు నిలబడతారు బాబూ? మొన్న మంగళారం ఈయనకి ఆస్పత్రి రోజు. బస్సు దాటిపోతంటే ఈ మడిసిని పాకలో ఒగ్గేసి పరిగెత్తినాను. సెయ్యూపినాను. ఆపనేదు. ఆయేళ ఆటో దొరకనేదు. తెల్లారేసరికి ఈయనకి ఊపిరి అందనేదు.”

భర్త తల వంచుకుని తన పాదాలు చూసుకుంటున్నాడు. పెద్ద నేరమేదో తనే చేసినట్టున్నాడు.

నాకు ముందు వచ్చింది కోపం. దాచడం దేనికి? ఇంత చిన్న సంగతి నాకెవరూ చెప్పలేదేమని కోపం. కండక్టరమ్మాయి అప్పుడే డ్యూటీ ఎక్కడానికి వచ్చింది. పిలిచాను.

“ఈ గంపల సంగతి నీకు తెలుసా?”

“తెలుసు సార్. మా అత్త గంప కూడా ఉంటాది.”

“మరి నాకు చెప్పలేదేం?”

“టిక్కెట్లు కొట్టమన్నారు కద సార్. కొడతన్నాను.”

ఆ అమ్మాయి గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఏమీ లేదు. అవమానాన్ని మడిచి లోపల పెట్టుకున్నవాళ్ల గొంతు అలాగే ఉంటుంది. నాకు ఆ గొంతు బాగా తెలుసు. నాది అదే.

ఆ పూటే బస్సెక్కాను. ఆ భార్యాభర్తలను కూడా ఎక్కించుకుని వాళ్ల ఊళ్లో దింపి, చివరి ఊరి దాకా వెళ్లి తిరిగి వస్తున్నాం. మలుపు తిరగగానే స్టాపు కనిపించింది. చుట్టూ ఉప్పు మళ్లు, కళ్లు మూసుకుపోయేంత తెలుపు. మధ్యలో నేను పాతించిన గుంజ. గుంజ దగ్గర ఒక్క మనిషి లేడు. కానీ గుంజ మొదట్నుంచి రోడ్డు వెంట బారుగా గంపలు, సంచులు, మడత గొడుగులు, ఒక నీళ్ల డబ్బా, రెండు జతల చెప్పులు, పిల్లల బడి సంచీ ఒకటి. పోలీసు కవాతులో కూడా అంత తిన్నని వరస నేను చూడలేదు. వంద అడుగుల అవతల తాటాకు పాకలోంచి జనం లేచి కేకలేస్తున్నారు. మా డ్రైవరు వేగం తగ్గించలేదు.

“ఆపవయ్యా!” అని అరిచాను.

“స్టాపులో ఎవరూ నిలబడి లేరు సార్. ఆర్డరుంది.”

“ఆ ఆర్డరు రాసింది నేనే!”

“అందుకే కద సార్ ఇంత జాగ్రత్తగా పాటిస్తన్నాను.”

బస్సు దాటిపోయి ఆగింది. జనం పరుగున వచ్చారు. ఎక్కుతూ ఎక్కుతూ ఒక్కొక్కరూ డ్రైవరును ఒక మాటన్నారు. అతను ప్రతిసారీ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. గుంజ దగ్గర నేను లెక్కపెట్టిన వస్తువులు ఇరవై మూడు. ఎక్కినవాళ్లు ఇరవై ఏడుగురు. తర్వాతి స్టాపుల్లోనూ ఇదే వరుస. పద్నాలుగు రోజులుగా ఇంతమందిని ఎండలో వదిలేసి నా బస్సు సమయానికి తిరిగింది.

డిపోకు వచ్చి మేనేజరుకు చెప్పాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన నడక ఇంకోటి లేదు. నా గదికీ ఆయన గదికీ మధ్య దూరం ఎనిమిది అడుగులు. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కాగితాలు ముందేసుకుని కాసేపు లెక్క చూశాడు.

“రేపట్నుంచి బస్సు కిక్కిరిసినా నెల సగటు రాదండీ. సగం నెల పోయింది. ఒక్కటే దారి. మొదటి సగం ఖాళీగా పోవడానికి కారణం జనం లేకపోవడం కాదు, మన ఆదేశం అని కమిటీకి రాయాలి. ఎవరు ఇచ్చారో, ఎందుకిచ్చారో ఇచ్చినవాళ్ల చేత్తోనే రాయాలి. అప్పుడు ఆ రోజులు పక్కన పెడతారేమో అడుగుదాం.” కాగితాలు పక్కకు జరిపి, “రాస్తే అది మీ సర్వీసు పుస్తకంలోకి వెళ్తుంది. పై ఆఫీసులో మీ ప్రమోషను ఫైలు కదులుతోందని విన్నాను. ఆలోచించుకోండి” అన్నాడు.

ఆలోచించుకున్నాను. పిల్లల్లారా, ఇక్కడ నేను మంచివాడిలా కనిపించాలని లేదు. ముందు రాసిన ఉత్తరం ఇలా మొదలైంది: ‘ఆదేశంలోని ఉద్దేశాన్ని డ్రైవరు సరిగా గ్రహించనందువల్ల...’ భాష బాగా కుదిరింది. డ్రైవరుకు ఒక మెమో, మహా అయితే ఒక ఇంక్రిమెంటు ఆలస్యం. నా ప్రమోషను నాకుంటుంది, బస్సు బస్సుకుంటుంది. సంతకం పెట్టబోతూ ఒకసారి చదువుకున్నాను. ఈ వాక్యం నాకు కొత్త కాదు. నా రెండు ఫైళ్ల నిండా ఇలాంటి వాక్యాలే. పై వాళ్లు నా గురించి రాసినవి. వాటికి జవాబులు రాస్తూనే నాకు జుట్టు నెరిసింది.

చించేశాను. రెండో ఉత్తరం నాలుగు లైన్లే. ఆదేశం నాది. ఆ ఊళ్లలో జనం బస్సు కోసం ఎలా ఎదురుచూస్తారో తెలుసుకోకుండా ఇచ్చాను. చెప్పబోయిన కండక్టరు మాట వినలేదు. తప్పు డ్రైవరుది కాదు.

కమిటీ నుంచి ఒక ఆఫీసరు ఫోను చేశాడు. మొదటి సగం పక్కన పెడతారట. కానీ డిపో వాళ్లు పంపే లెక్కల మీద ఆయనకు నమ్మకం పోయింది. చివరి రోజు తనే బస్సెక్కుతానన్నాడు. ఆ రోజు కళ్లతో చూసిందే లెక్క, దాన్నిబట్టే అవుననో కాదనో రాస్తానన్నాడు.

మిగతా పదిహేను రోజులూ బస్సు నిండింది. డ్రైవరు కొత్త కాగితం ప్రకారం మలుపు దగ్గర హారను కొడుతున్నాడు. కాగితంలో ఒకసారి అని రాస్తే సరిగ్గా ఒకసారే. నేను రోజూ కండక్టరు దిగేవరకు కాచుకుని ఎంతమంది అని అడిగేవాణ్ణి. ఆమె సంఖ్య చెప్పి వెళ్లిపోయేది. ఎనిమిదో రోజున మాత్రం సంఖ్య చెప్పాక, “మా అత్త మిమ్మల్ని అడిగింది సార్, గుంజ పాక కాడికి మార్సరా అని” అంది. మార్పించాను.

చివరి రోజు వచ్చింది. పొద్దున లేచేసరికి ఆకాశం నల్లగా ఉంది. ఆ కాలంలో వాన పడదు. ఆఫీసరు, మేనేజరు ముందు సీట్లో కూర్చున్నారు. నేను వాళ్ల వెనక. పట్నం నుంచి బయల్దేరి చివరి ఊరి దాకా వెళ్లి, తిరుగు దారిలో జనాన్ని ఎక్కించుకోవాలి. తిరుగు దారిలో మొదటి ఊళ్లో నలుగురు ఎక్కారు. రెండో ఊళ్లో ఇద్దరు. ఆఫీసరు చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. మూడోది మా పెద్ద స్టాపు. డ్రైవరు మలుపులో హారను కొట్టాడు. పాక దగ్గర మనుషులు లేరు. గంపలు కూడా లేవు.

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. “ఆపు” అన్నాను.

“ఇక్కడెవరూ లేరు కదండీ” అన్నాడు ఆఫీసరు.

“ఉన్నారండీ.”

“ఎక్కడ?”

ఎక్కడో నాకూ తెలియదు. నోటికొచ్చింది అన్నానంతే. అంతలో పాకలో బెంచీ మీద ఎవరో కదిలారు. కట్టుకట్టిన చెయ్యి. ఆ భర్త కర్ర ఊతంతో మెల్లగా లేచి వచ్చాడు.

“ఏమయ్యా, అందరూ ఏరి?”

“మబ్బట్టినాది కదా బాబూ. వానొస్తే ఉప్పంతా కరిగిపోతాది. కుప్పలకి తాటాకులు కప్పుతన్నారు. వచ్చెస్తారు.”

“ఎంతసేపట్లో?”

“అది వానకి తెలవాల.”

“నువ్వు ఎక్కు. ఆస్పత్రి రోజు కదా?”

“అది రాకుండా నాను ఎక్కను బాబూ. ఆస్పత్రిలో పేరు, నెంబరు అన్నీ దానికే తెలుసు. నాకు ఎక్కడం దిగడమే తెలుసు.”

ఆఫీసరు వాచీ చూశాడు. “బస్సు సమయానికి నడవాలి కదండీ. మీ ప్రతిపాదనలో దాని గురించే రెండు పేజీలున్నాయి.”

నిజమే. రెండున్నర. మేనేజరు నా వైపు తిరిగాడు. సమీక్షలో అన్న మాట మళ్లీ అనడానికి అంతకన్నా మంచి సమయం ఆయనకు దొరకదు. “టైంటేబుల్ ఆయనది సార్. ఆయన ఎంత చెబితే అంత” అన్నాడు ఆఫీసరుతో. నన్ను ఇరికించడానికి అన్నాడో, గౌరవించి అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

“ఆగుదాం” అన్నాను.

కండక్టరమ్మాయి బస్సు దిగి గట్టు మీదికి వెళ్లింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేసింది. “ఓలమ్మోయ్! బస్సొచ్చినాది! జిల్లా ఆపీసరు కూడా వొచ్చినాడు! రండర్రా!”

మళ్ల అవతల్నుంచి గాలిలో జవాబు వచ్చింది. “ఉండవే! రెండు కుప్పలే ఉన్నాయి! ఎలిపోతే మీ డ్రైవరు కాళ్లిరగ్గొడతాం!”

“నేనేం చేశాను సార్?” అన్నాడు డ్రైవరు.

ఐదు నిమిషాలు. ఏడు. అద్దం మీద ఒక చినుకు పడింది. నా జీవితంలో ఏ బస్సునూ కావాలని ఆలస్యం చేయలేదు. చేసినవాళ్లకు మెమోలిచ్చాను. తొమ్మిదో నిమిషంలో ఆఫీసరు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. అయిపోయిందనుకున్నాను. మూడు రూట్లు, ఐదు ప్రతిపాదనలు, ప్రమోషను, అన్నీ ఆ జేబులోకి వెళ్లిపోయాయి.

పదకొండో నిమిషంలో గట్టు మీద మనుషులు కనిపించారు. ముందు ఇద్దరు, వెనక పది మంది, ఆ వెనక గట్టు నిండా. మోకాళ్ల దాకా ఉప్పు, తలల మీద తాటాకు ముక్కలు, చేతుల్లో చెప్పులు. పరుగు. వాళ్లతోపాటే వాన. బస్సు మెట్ల దగ్గర ఒకరినొకరు తోసుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఎక్కారు. సీట్లు నిండాయి, మధ్య దారి నిండింది. ఆఫీసరు లేచి ఒక ముసలావిడకు సీటిచ్చాడు. ఆవిడ కూర్చుని చీర పిండుకుంది. ఆయన బూట్లు తడిశాయి.

“రోజూ ఇంతమంది ఎక్కుతారా అమ్మా?” అని అడిగాడు ఆఫీసరు.

“ఎక్కుతాం బాబూ. ఆపితే.”

ఆయన పకపకా నవ్వాడు. జేబులోంచి పుస్తకం మళ్లీ తీశాడు. నేను సీటు వెనక కడ్డీ పట్టుకున్నాను.

ఆ భార్య మాత్రం ఆఫీసరును చూడలేదు. భర్తను సీట్లో కూర్చోబెట్టి నా మీదికి వచ్చింది. “పదకొండు నిమిషాలు ఆలీసమైనాది. ఆస్పత్రిలో మా వంతు ఇంకోళ్లకి ఇచ్చెస్తారు. నువ్వొచ్చి సెప్పాల.”

“నా కోసమా ఆపాను?”

“నాను ఆపమన్నానా? ఉప్పు ఆపమన్నాది. నడు.”

వెళ్లాను. పట్నంలో బస్సు దిగి, ఆఫీసరుకు దండం కూడా పెట్టకుండా, తడిసిన చొక్కాతో ఆస్పత్రికి పరిగెత్తాను. వంతులు రాసే నర్సమ్మ దగ్గరికెళ్లి, బస్సు ఆలస్యం మాదనీ, రోగిది తప్పు లేదనీ, కావాలంటే కాగితం మీద రాసిస్తాననీ చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “పదకొండు నిమిషాలకి ఎవరు గొడవ చేస్తారండీ? ముందు ఆయన్ని లోపలికి పంపండి. మీరు తల తుడుచుకోండి.”

బెంచీ మీద కూలబడ్డాను. ఎన్నో ఏళ్ల తర్వాత, ఎవరి మీదా ఏమీ రాయాలనిపించని అరగంట అది.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. ఏడాది పాటు నష్టం జిల్లా నిధి భరిస్తుంది, మూడు రూట్లూ మంజూరు. అందులో నా పేరు లేదు. ‘డిపో సిబ్బంది’ అని ఉంది. దాని గురించి ఒక అర్జీ పెట్టాను, అబద్ధం ఎందుకు. ప్రమోషను విషయంలోనూ జవాబు వచ్చింది. నా ఉత్తరాన్ని ఉదహరిస్తూ, ఈ దశలో పరిశీలించలేమన్నారు. ఆ ఉదహరించిన కాగితాల నకలు తెప్పించుకుంటే మేనేజరు నా ఉత్తరానికి జతచేసిన లేఖ కూడా కనబడింది. చివర ఆయన చేతిరాతలో ఒక వాక్యం: ఆ ఆదేశం మీద నేనూ సంతకం చేశాను, బాధ్యత నాది కూడా. నాకెప్పుడూ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యంతో ఆయన మీద నేను పోగుచేసుకున్న ఫిర్యాదుల్లో సగం పనికిరాకుండా పోయాయి. సమీక్షలో నవ్వించిన సంగతి మాత్రం అలాగే ఉంచాను.

మంజూరు సంగతి చెప్పడానికి నేనే పాక దగ్గరికి వెళ్లాను. ఆ భార్యాభర్తలు బెంచీ మీద ఉన్నారు.

“ఏడాదికి డబ్బులిచ్చారమ్మా. మూడు బస్సులు వస్తాయి.”

“ఏడాదికేనా?” అంది ఆమె.

“అయితే నాను ఏడాది బతకాలన్నమాట. ఒప్పందం అయిపోనాది” అన్నాడు భర్త.

ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చింది. “నోరుముయ్యి మావా. బాబూ, అయిదేళ్లకి రాయించు. ఈ మడిసికి బేరం తెలవదు.”

అది జరిగి అయిదేళ్లవుతోంది. ఏడాది అయ్యాక జిల్లా ఇంకో ఏడాది ఇచ్చింది. ఆ తర్వాత ఇవ్వనక్కర లేకపోయింది, బస్సులు తమ కాళ్ల మీద తాము నిలబడ్డాయి. నేను రిటైరై కొత్తవలసలో ఉంటున్నాను. పోయిన వారం కండక్టరమ్మాయి ఫోను చేసింది. ఇప్పుడు ఆమె నాకు ఏదైనా చెబుతుంది.

“సార్, ఆ కట్టు చేతి ఆయన లేడూ, రోజు రోజుకీ పేచీకోరు అయిపోతన్నాడు. కిటికీ పక్క సీటు ఆయనకే కావాలంట. నిన్న ఒక కాలేజీ పిల్లాడితో పెద్ద గొడవ. బస్సంతా గోల. ఏటి సెయ్యమంటారు? ఆయన మీద ఫిర్యాదు రాసి పెట్టమంటారా?”

“వద్దమ్మా” అన్నాను. “గొడవ పడనీ.”